క్యారియరు లేని బండి

మా ఇంటి ముందు బండి ఆపగానే వరసకి అమ్మమ్మ అయ్యే ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ముందున్న అద్దాన్ని, పక్కనున్న ఎర్ర ప్లాస్టిక్కుని వేలితో తట్టి చూసింది. వెనక్కి వెళ్లి సీటు తడిమింది. అంతా అయ్యాక నడుం మీద చెయ్యేసుకుని, "దీనిమీద మూట ఎక్కడ ఎడతార్రా?" అని అడిగింది.

మూట పెట్టడానికి చోటు లేదు. క్యారియరు లేదు. పక్కన సంచి తగిలించే కొక్కెం కూడా లేదు. రేషను బియ్యం, కాఫీ పళ్ల బస్తా, అడ్డాకుల కట్ట, జ్వరం వచ్చిన పిల్ల... మా ఊళ్లో బండి అనే వస్తువు మోయవలసినవి ఇవీ. మేము తెచ్చినది వీటిలో ఏదీ సరిగా మొయ్యదు. ఇద్దరు మనుషుల్ని మాత్రం చాలా దూరం మోస్తుంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఇది ఇద్దరం కలిసి రాసింది. ఒకరం బడిలో పాఠాలు చెబుతాం, ఒకరం అంగన్‌వాడీ చూసుకుంటాం. ఒకరం బండి నడుపుతాం, ఒకరం వెనక కూర్చుంటాం. వాక్యం ఒకరు రాస్తే ఇంకొకరు కొట్టేసి మళ్లీ రాశారు. అందుకే అంతటా 'మేము' అనే ఉంటుంది. మాలో ఎవరు ఏదో మీకే తెలిసిపోతుంది.

మేము కొన్నది 2008లో రిజిస్టరయిన హీరో హోండా కరిజ్మా. ఏపీ 31 నంబరు. ఉమ్మడి విశాఖ జిల్లా నంబరే. 223 సీసీ, ఒకటే సిలిండరు, పదిహేను లీటర్ల ట్యాంకు. ఈ రకం బండ్లని స్పోర్ట్స్ టూరర్ అంటారు. పందెం బండిలా మరీ వంగి కూర్చోనక్కర్లేదు, మామూలు బండిలా గాలినంతా గుండెకి కొట్టించుకోనక్కర్లేదు. ముందు తొడుగు గాలిని కోస్తుంది, పెద్ద ట్యాంకు దూరం లాగుతుంది. విదేశాల్లో ఈ పేరుకి హోండా వీఎఫ్ఆర్ లాంటి పెద్ద యంత్రాలు ఉంటాయి. మన దేశంలో సామాన్యుడికి కనిపించిన మొదటి స్పోర్ట్స్ టూరర్ మాత్రం 2003లో వచ్చిన ఈ కరిజ్మానే అనుకుంటాం. ఆ పేరుతోనే 2023లో కొత్త బండి కూడా వచ్చింది. నీటితో చల్లబడే ఇంజను, చాలా ఎక్కువ బలం. దాని ధర మాకు అందదు. అందినా మాకు కావలసింది అది కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే 2004కి వెళ్లాలి. పాడేరు సంత రోజు. బస్టాండు పక్కన పసుప్పచ్చ కరిజ్మా ఒకటి ఆగి ఉంది. ఎవరో కాంట్రాక్టరు కొడుకుదని తర్వాత తెలిసింది. మా మేనల్లుడు, ఎనిమిదేళ్లవాడు, దాని సైలెన్సరు దగ్గర వంగి తన ముఖం చూసుకుంటున్నాడు. బండి తాలూకు కుర్రాడు టీ కొట్టు నుంచి పరుగెత్తుకొచ్చి వాణ్ని భుజం పట్టి లాగేశాడు. "ముట్టుకోకురా, మీ ఇల్లు అమ్మినా రాదు" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఉప్పు, ఎండు చేపలు కొనుక్కుని జీపెక్కాం. ఆ రోజు ఏమీ అనలేకపోయిన సంగతి ఇరవై ఏళ్లయినా ఒకరికొకరం గుర్తు చేసుకుంటూనే ఉన్నాం. ఇల్లు అమ్మకుండానే ఇప్పుడు వచ్చింది. ఇరవై ఎనిమిది వేలు. సగం మిరియాలు, సగం కాఫీ. ఆ మేనల్లుడిదిప్పుడు విశాఖలో ఉద్యోగం. ఫోన్లో బండి ఫొటో చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత గట్టిగా నవ్వాడు.

బండి మాకు కొత్త కాదు. ఉద్యోగం వచ్చిన 1999లోనే సెకండ్‌హ్యాండ్ స్ప్లెండర్ కొన్నాం. పదేళ్లు తిప్పాం. ఆ పదేళ్లలో ఎక్కడికెక్కడికి వెళ్లామని ఇప్పుడు కూర్చుని లెక్క వేస్తే ఒక సంగతి తేలింది. పని లేకుండా ఆ బండి ఒక్కసారి కూడా కదల్లేదు. బడికి, సంతకి, ఆస్పత్రికి, కుల ధ్రువపత్రం కోసం ఆఫీసుకి, చావుకి, పెళ్లికి. పురిటి నొప్పులొచ్చిన వాళ్లని రోడ్డు దాకా డోలీలో మోసుకొస్తే, అక్కణ్నుంచి మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది కూడా ఆ స్ప్లెండరే. మూడుసార్లు. మూడుసార్లూ పిల్లలు బతికారు. బండిని మేమెప్పుడూ ఇష్టపడలేదేమో. అవసరపడ్డాం.

2009 వానాకాలంలో పాడేరు ఘాటీలో పడిపోయాం. వంట్లమామిడి దాటాక, దిగుతుంటే. లారీ ఏమీ ఎదురు రాలేదు, పశువు ఏదీ అడ్డం రాలేదు. వెనక టైరు అరిగిపోయి నున్నగా ఉందని మాకు తెలుసు. నెలరోజులుగా తెలుసు. వచ్చే జీతంలో మారుద్దాం అనుకున్నాం. మలుపులో తడి మట్టి ఉంది. వెనక బ్రేకు నొక్కగానే బండి పక్కకి జారిపోయింది. నడిపినవారికి మోచేయి గీసుకుపోయింది, అంతే. వెనక కూర్చున్నవారికి మోకాలి కింద ఎముక రెండుగా విరిగింది. కిందకి వెళ్తున్న కమాండర్ జీపు ఆగింది. అప్పటికే లోపల, పైన, వెనక వేలాడుతూ ఇరవై మంది ఉండి ఉంటారు. పది మంది దిగిపోయి వానలో నిలబడి మాకు చోటిచ్చారు. వాళ్లు మళ్లీ ఏ బండెక్కి ఇంటికి చేరారో మాకు తెలియదు.

కాల్లో రాడ్డు వేశారు. స్ప్లెండర్ని ఆస్పత్రి ఖర్చుల కింద అమ్మేశాం. తర్వాత పద్నాలుగేళ్లు జీపులు, ఆటోలు, బస్సు. చివరి జీపు ఎప్పుడు పోతుందో అదే మా సాయంత్రం. పెళ్లిలో భోజనం ఆలస్యమైతే తినకుండా లేచిపోవడమే. ఇంట్లో బండి మాట ఎత్తేవాళ్లం కాదు. ఒకరికి తప్పు చేశామన్న బరువు, ఇంకొకరికి ఆ బరువు చూడలేక మాట రాకపోవడం. రెండూ కలిసి ఇంట్లో మూడో మనిషిలా కూర్చునేవి.

ఆ మూడో మనిషిని లేపింది కాలు విరిగినవారే. 2023 వేసవిలో, మిరియాలు అమ్మిన డబ్బు గూట్లో పెడుతూ, "ఒక బండి కొందాం. మూటలు మోసేది కాదు. మనం వెళ్లేది" అన్నారు. ఎక్కడికి అని అడిగితే, "ఎక్కడికని అడగకుండా వెళ్లేది" అన్నారు. మొదట వేళాకోళం అనుకున్నాం. పదిరోజుల తర్వాత మళ్లీ అదే మాట.

లైసెన్సు ఎప్పుడో 2019లోనే చెల్లిపోయింది. గడువు దాటి ఏడాది కూడా అయిపోయింది కాబట్టి మళ్లీ పరీక్ష పెట్టాలన్నారు. నలభై ఎనిమిదేళ్ల మాస్టారు, తన దగ్గర చదువుకున్న కుర్రాళ్లతో పాటు వరసలో నిలబడి ఎనిమిది అంకె తిప్పాల్సి వచ్చింది. అరువు తెచ్చిన స్కూటీ మీద. ఒకసారి కాలు కింద పెట్టేశాం. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో అడగలేదు.

బండి గాజువాకలో దొరికింది. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయనది. నిజానికి ఆయన కొడుకుది. కొడుకు దేశం వదిలి వెళ్లి చాలా ఏళ్లయింది. బండి మెట్ల కింద దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. పెద్దాయన వారానికోసారి స్టార్టు చేసేవారట. ఈ బండికి కిక్కు లేదు, బటనే గతి. బ్యాటరీ చచ్చిపోయాక ఆయన కూడా వదిలేశారు.

పాత బండి కొనేవాళ్లు మొదట ఇంజను చప్పుడు వింటారు. మేము మొదట టైర్ల దగ్గర కూర్చున్నాం. కాలు విరిగినవారే, మోకాలు సరిగా వంగకపోయినా, నేల మీద చతికిలబడి ఫోన్ లైటు వేసి టైరు పక్క గోడ మీద నంబరు వెతికారు. ఇది చాలామందికి తెలియదు, తెలుసుకోవాలి. టైరు పక్కన చిన్న దీర్ఘవృత్తంలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మేము చూసిన టైరు మీద 3214 అని ఉంది. 2014లో ముప్ఫై రెండో వారం. గాళ్లు చూస్తే కొత్తదానిలా ఉన్నాయి. గోరు గుచ్చితే దిగలేదు. రబ్బరు అరక్కపోయినా ముసలిదవుతుంది, గట్టిపడుతుంది, తడి రోడ్డుని పట్టదు. "టైర్లు రెండూ మారుస్తాం, ఆ డబ్బు తగ్గించండి" అన్నాం. పెద్దాయన ఆశ్చర్యపోయి చూశారు. ఎందుకో చెప్పలేదు.

మిగతావి మెకానిక్ చూశాడు. నర్సీపట్నంలో కరిజ్మాలు బాగుచేసిన చెయ్యి అతనిది, మాకు తెలిసినవాడు, మాతో బస్సులో వచ్చాడు. ముందు ఫోర్కులు నొక్కి వదిలితే ఎడమ దాని మీద నూనె చెమట పట్టింది, సీలు పోయింది. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో చిన్న గుంటలో పడినట్టు ఆగింది, అంటే మెడ బేరింగులు అరిగాయి. ట్యాంకు మూత తీసి లైటు వేస్తే అడుగున ఎర్రటి తుప్పు. కార్బొరేటర్లో పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది, గాలి లాగుడుని బట్టి అదే పైకీ కిందకీ ఆడి పెట్రోలు ఎంత వెళ్లాలో తేలుస్తుంది. దానికి గుండుసూది అంత చిల్లు. "ఇన్ని జబ్బులా?" అని మేము భయపడితే అతను నవ్వాడు. "మేస్టారూ, ఇయ్యన్నీ కూకున్న బండి జబ్బులు. తిరిగిన బండి జబ్బులు ఏరే. దీనికి గుండె బాగుంది. నరాలే బిగుసుకుపోనాయి." ఆ మాట విని మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పద్నాలుగేళ్లు కూర్చున్నవాళ్లం కదా.

కాగితాల సంగతి క్లుప్తంగా. సొంత బండికి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. 2008 బండికి 2023లో అది కూడా అయిపోయింది. పేరు మార్పుకి 29, 30 నంబరు ఫారాలు, రిజిస్ట్రేషను పొడిగింపుకి 25. బండిని చూపించాలి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తియ్యాలి. కుల ధ్రువపత్రం కోసం తిరిగిన కాళ్లకి ఇదొక లెక్కా. నెలన్నర పట్టింది. ఐదేళ్లకి పొడిగించారు.

బండి తీసుకున్న రోజు పెద్దాయన అడిగారు, ఏ ఊరు తీసుకెళ్తారని. పాడేరు దగ్గర అన్నాం. ఆయన ముఖం వెలిగిపోయింది. "మావాడు చలికాలం వస్తే చాలు, లంబసింగి వెళ్లిపోయేవాడండీ, పొగమంచు చూడ్డానికి!" అన్నారు. అంటే మా కొండలు మా కంటే ముందే ఈ బండికి తెలుసు.

ఇంటికి తేవడానికి దగ్గర దారి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ. వెనక కూర్చునేవారు హెల్మెట్ బకిల్ పెట్టుకుంటూ, "ఆ దారి వద్దు. ఇప్పుడే వద్దు" అన్నారు. సరే అని నర్సీపట్నం తిప్పాం. అక్కణ్నుంచి లంబసింగి ఎక్కి, చింతపల్లి మీదుగా ఇంటికి. చాలా చుట్టు. నవంబరు నెల. వలిసె చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి.

ఎక్కుతుంటే ఒక విషయం మనసులో పడింది. బడిలో ఏటా పిల్లలకి చెప్పే పాఠమే, కానీ దారి మీద ఉండగా ఎప్పుడూ గుర్తు రాలేదు. ఈ నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి రోడ్డు వేయించింది బాస్టియన్ అనే గూడెం డిప్యూటీ తహసీల్దారు. మన్యం వాళ్లని పట్టుకొచ్చి, సరైన కూలి ఇవ్వకుండా కొండ తవ్వించాడు. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు అతనితో గొడవపడ్డారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారంటే, ఆ కోపంలో ఈ రోడ్డు మట్టి కూడా ఉంది. మా తాతల్లో ఎవరు ఈ మలుపులో పార పట్టారో మాకు తెలియదు. పేర్లు ఎవరూ రాసుకోలేదు. వాళ్లు తవ్విన రోడ్డు మీద తహసీల్దారు గుర్రం వెళ్లింది, తర్వాత జీపులు వెళ్లాయి, కలప లారీలు వెళ్లాయి, ఇప్పుడు ఆదివారాలు పట్నం బండ్లు వెళ్తున్నాయి. మనం వెళ్లలేదా అంటే వెళ్లాం. మూటతో, జబ్బుతో, కాగితంతో. ఊరికే వెళ్లడం ఇదే మొదటిసారి అనిపించింది. గేరు మార్చి, మలుపు మలుపుకీ నెమ్మదిగా ఎక్కాం. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పైకి చేరాక మాట్లాడుకుంటే ఇద్దరం అదే తలుచుకున్నామని తెలిసింది.

లంబసింగిలో టీ కోసం ఆగాం. పట్నం నుంచి వచ్చిన పెద్ద బండ్లు ఐదారు ఉన్నాయి, మోకాళ్లకి చిప్పలు, వీపుకి సంచులు కట్టుకున్న కుర్రాళ్లు. ఒకతను మా బండి చూసి ముచ్చటపడి దగ్గరకొచ్చాడు. "అంకుల్, ఓల్డ్ ఈజ్ గోల్డ్! ఎక్కడ నుంచి రైడ్?" అన్నాడు. హెల్మెట్లు తీశాం. ఇద్దరి ముఖాలూ, వెనక కూర్చున్నవారి ముక్కు పుడకలూ చూశాడు. "లోకలా?" అన్నాడు. అవునన్నాం. గొంతు మారింది. చెడ్డగా కాదు, పాపం మర్యాదగానే, కానీ మారింది. వెదురు కోడి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. దారి చెప్పాం. ఒక్క నిమిషం ముందు వరకూ అతనికి మేము బండి నడిపేవాళ్లం, ఒక్క నిమిషం తర్వాత చూడ్డానికి వచ్చిన చోట ఉండేవాళ్లం. అతని తప్పేముంది. తిరిగేవాళ్లు ఒకరు, తిరగబడే చోట్లు ఒకరివి అని అందరూ అనుకున్నట్టే అతనూ అనుకున్నాడు. మేమూ నిన్నటిదాకా అలాగే అనుకున్నాం కదా.

బండిని మళ్లీ నేర్చుకోవడం గురించి రాయకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. నడపడం మర్చిపోరు అంటారు. చేతులు మర్చిపోవు నిజమే, అదే ప్రమాదం. చేతులకి గుర్తున్నది స్ప్లెండరు. ఇది దానికంటే చాలా బరువు, హ్యాండిల్ కొంచెం ముందుకి, ముందు బ్రేకు డిస్కు. స్ప్లెండర్ మీద నొక్కినట్టు నొక్కితే ముక్కు నేలకి దిగిపోతుంది. మొదటి వారం బడి మైదానంలో సాయంత్రాలు, పిల్లలు వెళ్లిపోయాక, బ్రేకు మీద రెండు వేళ్లు మాత్రమే పెట్టి మెల్లగా పిండడం సాధన చేశాం. దిగుడులో బ్రేకు పట్టుకుని ఉండకుండా రెండో గేరులో ఇంజనే బండిని ఆపేలా వదలడం, మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించేసుకోవడం, మలుపులో గుంటని కాకుండా మలుపు అవతల చివరని చూడడం. చూపు ఎటుంటే బండి అటు పోతుంది. 2009లో మేము చూసింది ఆ తడి మట్టినే.

మణికట్లు నొప్పెట్టాయి. నడుం పట్టేసింది. చలికి, రాడ్డు వేసిన కాలు గంటకోసారి దిగి నడవమని అడిగేది. పాతికేళ్ల కుర్రాడికి అమ్మిన బండి ఇది, యాభై దగ్గర పడినవాళ్ల కోసం గీసింది కాదు. అయినా దాని ముసలితనమూ మా ముసలితనమూ ఒక చోట కుదిరాయి. అది తొందరపడితే మేము భయపడతాం, మేము తొందరపడితే అది వేడెక్కుతుంది. గంటకి నలభై, యాభై మధ్య ఇద్దరికీ హాయి. ఇందుకా స్పోర్ట్స్ బండి అని మీరు నవ్వుతారేమో. నవ్వండి. లీటరుకి ముప్ఫై ఏడు ఇచ్చింది.

వంట్లమామిడి మీదుగా జనవరిలో వెళ్లాం. ఎవరూ అనుకోలేదు, చోడవరంలో బంధువుల ఇంట్లో శుభకార్యం. జీపులో వెళ్దామా అని ఒకరు, బండి ఉండగా జీపెందుకని ఇంకొకరు. ఆ మలుపు దగ్గరకి రాగానే వెనక నుంచి భుజం మీద చెయ్యి బిగిసింది. అదేమీ మాట అనలేదు. బండి మూడో గేరు నుంచి రెండుకి దిగింది, మెల్లగా ఒరిగింది, మలుపు దాటింది. చెయ్యి కాసేపటికి వదులైంది. పక్కన ఆపి నీళ్లు తాగాం. ఆ చోటు గుర్తుపట్టలేకపోయాం, రోడ్డు వెడల్పు చేశారు, గోడ కట్టారు. "ఇక్కడేనా?" అని ఒకరు అడిగితే, "ఇక్కడ కాదేమో, ఇంకా కిందేమో" అని ఒకరు. రెండు మలుపులు అటూ ఇటూ వాదించుకున్నాం. వాన రోజు మాకు చోటిచ్చి దిగిపోయిన ఆ పది మంది ఎక్కడ నిలబడ్డారా అని వెతికాం. చోటు దొరకలేదు. పద్నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్న ఆ మూడో మనిషి కూడా ఆ రోజు తర్వాత మళ్లీ కనిపించలేదు.

ఫిబ్రవరిలో, కాఫీ ఎండబెట్టడం అయిపోయాక, సీలేరు వెళ్లాం. పని లేదు. అక్కడ మాకు చుట్టాలు లేరు. చింతపల్లిలో ట్యాంకు నింపుకుని, ఆర్వీ నగర్ కాఫీ తోటల మధ్య నుంచి గూడెం కొత్తవీధి, సప్పర్ల, ధారకొండ. సప్పర్ల దగ్గర గాలి నీళ్లలా చల్లగా ఉంది. ధారాలమ్మ తల్లి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం, అందరూ కొడతారు. అక్కడ నుంచి దిగుడు. దారి పొడుగునా మనవాళ్లే, కానీ మాట మారుతూ వచ్చింది, ఇళ్ల అరుగుల ఎత్తు మారింది, ఆవుల మెడలో గంటలు మారాయి. ఒకే జిల్లా, ఒకే ఏజెన్సీ అని కాగితాల మీద రాస్తూ వచ్చాం గాని మా సొంత కొండలు ఇన్ని రకాలని మాకు తెలియదు. జీపులో పోయేవాడికి ఎదుటివాడి వీపే కనిపిస్తుంది కదా.

సీలేరులో జలాశయం కనబడే చోట టీ కొట్టు. కొట్టు ఆయన మా ఈడువాడే. బండిని, హెల్మెట్లని, మమ్మల్ని చూసి నెమ్మదిగా దగ్గరకొచ్చాడు.

"ఏ ఆఫీసు నుంచి వచ్చారు?"

ఏ ఆఫీసూ కాదన్నాం.

"సర్వేకా? భూములదా?"

కాదన్నాం.

"చుట్టాలున్నారా ఇక్కడ?"

లేరన్నాం.

"మరి ఏ పని మీద వచ్చారు?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జవాబు తెలుసు, కానీ నోరు దాన్ని ఎప్పుడూ పలకలేదు. చివరికి వెనక కూర్చునేవారే, "పనేం లేదు తమ్ముడూ, సూద్దారని వచ్చాం" అన్నారు. అతను నమ్మలేదు. టీ డబ్బులు తీసుకుంటూ కూడా బండి కింద, సంచిలో, ఎక్కడైనా కాగితాలున్నాయేమో అన్నట్టు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, తన కొడుకుని పిలిచాడు. పదేళ్లవాడు, స్కూలు నిక్కరుతో. "ఎక్కుతావేట్రా?" అని మేమే అడిగాం. వాడు తండ్రి వైపు చూసి, మా వైపు చూసి, ముందు సైలెన్సరు దగ్గర వంగి తన ముఖం చూసుకున్నాడు. ఆ తర్వాత ఎక్కాడు.

డ్యాము దాకా తీసుకెళ్లి తెచ్చాం. దిగాక చూస్తే చైను బాగా వదులైంది, రెండు వేళ్ల కంటే ఎక్కువ ఆడుతోంది. స్పానరు తెచ్చుకున్నాం. కొట్టు ఆయన గోనె పరిచాడు, కుర్రాడు చక్రం తిప్పాడు, మాలో ఒకరం లైటు పట్టుకున్నాం, ఒకరం నట్టు బిగించాం. చీకటి పడుతోంది. ధారకొండ ఘాటీలో మంచు దిగకముందే పైకెక్కాలి.